లక్షణం, లక్ష్యం, పరికరం: ఆన్సెల్ ఆడమ్స్ ‘ది నెగటివ్’ శిక్షాగ్రంథంగా – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రకృతి ఛాయాగ్రహణాన్ని నేర్పే పుస్తకాలు సాహిత్య విమర్శ దృష్టికి రావడం అరుదు. అవి పరికరాల పట్టికలుగా, చిట్కాల సంపుటాలుగా కనిపించడమే అందుకు కారణం. అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1981లో వెలువరించిన ‘ది నెగటివ్’ను ఈ వ్యాసం శిక్షాగ్రంథంగా పరిగణిస్తుంది. అందులో లక్షణం ఎలా రూపొందింది, ఆయన చూపిన లక్ష్యాలు ఆ లక్షణానికి ఎంతవరకు లోబడ్డాయి, పరికరానికి ఆయన ఇచ్చిన స్థానం ఏమిటి అన్నవి ఇక్కడి ప్రశ్నలు. ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ చిత్రాన్ని గురించి అచ్చులో ఉన్న రెండు వేర్వేరు కథనాలను పోల్చి, బోధనావసరం కథనాన్ని మలిచిన తీరును చర్చించడం వ్యాసంలోని ప్రధానాంశం.

కీలక పదాలు: శిక్షాగ్రంథం, లక్షణం, లక్ష్యం, పరికరం, ప్రతిభ, జోన్ పద్ధతి, ప్రకృతి ఛాయాగ్రహణం

1. ఉపోద్ఘాతం

రాజశేఖరుడి ‘కావ్యమీమాంస’ పదో అధ్యాయంలో కవి దగ్గర ఉండవలసిన వస్తువుల జాబితా ఒకటి కనిపిస్తుంది. పలక, సుద్ద, పెట్టె, కలం, సిరాబుడ్డి, తాటాకులు, భూర్జపత్రాలు, లోహపు గంటం, నునుపు చేసిన గోడలు అందులోనివి. కావ్యవిద్యకు పరికరాలంటే ఇవేనని ఆచార్యుల అభిప్రాయంగా చెప్పి, ఆ వెంటనే రాజశేఖరుడు తన అభిప్రాయాన్ని చేరుస్తాడు. ఆయన దృష్టిలో పరికరం ప్రతిభ ఒక్కటే. అయినా ఆ జాబితాను ఆయన తొలగించలేదు. అదే గ్రంథంలోని పద్దెనిమిదో అధ్యాయం ఋతువులను, ఏ కాలంలో ఏ పూలు పూస్తాయో, ఏ గాలి వీస్తుందో కవికి వివరిస్తుంది. ప్రతిభే పరికరమన్న వాడు ఇన్ని వివరాలు ఇవ్వడమెందుకన్న సందేహం శిక్షాగ్రంథాలన్నిటికీ వర్తిస్తుంది.

ప్రకృతి ఛాయాగ్రహణాన్ని నేర్పే పుస్తకాలు ఈ సందేహాన్ని మరింత తీవ్రంగా ఎదుర్కొంటాయి. గంటం లేకపోయినా పద్యం చెప్పవచ్చు. కెమెరా లేకుండా ఛాయాచిత్రం రాదు. ఇక్కడ పరికరం కళకు బయట ఉండదు. కనుక ఇటువంటి పుస్తకం ఎప్పుడూ రెండు ప్రమాదాల మధ్య నడుస్తుంది. పరికరాన్ని గురించే చెబితే అది అమ్మకందారు ఇచ్చే కరపత్రంగా మారుతుంది. పరికరాన్ని పట్టించుకోకుండా చూపును గురించి మాట్లాడితే చదివినవాడి చేతికి ఏమీ అందదు. ఈ రెంటినీ తప్పించుకోవడానికి గట్టి ప్రయత్నం చేసిన గ్రంథం గనుక ‘ది నెగటివ్’ విమర్శకు యోగ్యమైనది. ఆ ప్రయత్నం పూర్తిగా ఫలించలేదన్నది కూడా ఈ పరిశీలనలో తేలే విషయమే.

2. గ్రంథ నేపథ్యం

ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. 1916లో కుటుంబంతో కలిసి యోసెమిటీ లోయకు వెళ్లినప్పుడు కొడాక్ బ్రౌనీ పెట్టె కెమెరాతో మొదటి చిత్రాలు తీశాడు. యౌవనంలో పియానో విద్వాంసుడు కావాలని సాధన చేశాడు. నెగటివ్‌ను స్వరలిపితోనూ, దాని నుంచి తీసే ముద్రితప్రతిని కచేరీతోనూ పోల్చే ఆయన ప్రసిద్ధ ఉపమానం ఆ సాధన ఫలితమే. 1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్, విల్లార్డ్ వాన్ డైక్ మొదలైనవారితో కలిసి ఏర్పరచిన బృందానికి పెట్టుకున్న పేరు ‘ఎఫ్/64’. అది లెన్స్ ద్వారాన్ని అతి చిన్నది చేసే కొలత. ఒక కళా ఉద్యమం తన పేరునే పరికరం మీది అంకె నుంచి తీసుకోవడం గమనించదగినది.

1935లో ‘మేకింగ్ ఎ ఫోటోగ్రాఫ్’ అనే బోధనాగ్రంథం వెలువడింది. 1940 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ ఆర్ట్ సెంటర్ స్కూల్‌లో పాఠాలు చెబుతూ ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి జోన్ పద్ధతిని రూపొందించాడు. 1948 నుంచి వరుసగా వచ్చిన పుస్తకాల్లో ‘ది నెగటివ్’ మొదటి రూపం ఒకటి. జీవిత చరమదశలో రాబర్ట్ బేకర్ సహకారంతో ఆ పుస్తకాలను తిరగరాసి ‘ది కెమెరా’ (1980), ‘ది నెగటివ్’ (1981), ‘ది ప్రింట్’ (1983) అనే మూడు సంపుటాలుగా వెలువరించాడు. ఈ మూడు లక్షణ గ్రంథాలైతే, 1983లోనే వచ్చిన ‘ఎగ్జాంపుల్స్’ వాటికి లక్ష్య గ్రంథం. తాను తీసిన నలభై చిత్రాలు ఎలా పుట్టాయో అందులో వివరించాడు. లక్షణాన్ని, లక్ష్యాన్ని వేర్వేరు సంపుటాల్లో ఉంచడం వల్ల ఆ రెంటి మధ్య దూరాన్ని కొలిచే అవకాశం పాఠకుడికి కలిగింది.

3. లక్షణ నిర్మాణం: రెండు క్రియలు

జోన్ పద్ధతి ఒక సమస్యకు సమాధానంగా పుట్టింది. కాంతిమాపకం దేనిని చూసినా దానిని మధ్యస్థమైన బూడిద రంగుగా భావిస్తుంది. మంచుకొండను చూపితే మంచు బూడిదగా వచ్చేటట్టు, నల్లరాతిని చూపితే రాయి కూడా బూడిదగా వచ్చేటట్టు లెక్క చెబుతుంది. యంత్రానికి వెలుతురు తెలుసు, వస్తువు తెలియదు. అది మంచు అని, అది తెల్లగా ఉండాలని తెలిసినవాడు మనిషి. ఆడమ్స్ నిర్మించిన లక్షణమంతా ఈ భేదం మీదనే నిలిచింది.

చిత్రంలో సాధ్యమయ్యే నలుపు తెలుపుల వ్యాప్తిని ఆయన సున్న నుంచి పది వరకు పదకొండు జోన్లుగా విభజించాడు. సున్న కటిక నలుపు, పది కాగితపు తెలుపు, మధ్యలో 5వ జోన్ కాంతిమాపకం చెప్పే బూడిద. జోన్‌కూ జోన్‌కూ మధ్య తేడా ఒక స్టాప్, అంటే కాంతి రెట్టింపు కావడం లేదా సగం కావడం. 3వ జోన్ వరకు దిగినా నీడలో రాతి గరుకుతనం కనిపిస్తుంది. 8వ జోన్ వరకు ఎక్కినా మంచు మీది సన్నని గీతలు మిగులుతాయి.

ఇంతవరకు ఇది వర్గీకరణ మాత్రమే. వర్గీకరణను వ్యాకరణంగా మార్చినవి ఆడమ్స్ ఎంచుకున్న రెండు క్రియలు. ఛాయాగ్రాహకుడు ఒక వెలుగును ఒక జోన్‌లో ‘ఉంచుతాడు’. మిగిలిన వెలుగులన్నీ తమతమ జోన్లలో ‘పడతాయి’. నీడలో ఉన్న ఒక రాతిగోడను 3వ జోన్‌లో ఉంచాలనుకున్నాడనుకుందాం. కాంతిమాపకం చెప్పినదానికంటే రెండు స్టాపులు తగ్గిస్తే ఆ పని జరుగుతుంది. అదే దృశ్యంలో ఎండ పడిన మంచు ఆ రాయికంటే ఐదు స్టాపులు ఎక్కువ వెలుగుతో ఉంటే అది 8వ జోన్‌లో పడుతుంది. ఆరు స్టాపులు ఎక్కువైతే 9లో పడి దాని పోగులన్నీ చెరిగిపోతాయి. అప్పుడు మిగిలేది డార్క్‌రూమ్. ఫిల్మును డెవలపర్‌లో మామూలుకన్నా తక్కువసేపు ఉంచితే నీడ దాదాపు కదలదు, మంచు మాత్రం ఒక జోన్ కిందికి దిగివస్తుంది. నీడను బట్టి ఎక్స్‌పోజర్, వెలుగును బట్టి డెవలపింగ్ అన్న పాత సూత్రానికి ఇది అంకెల్లో చెప్పిన వివరణ.

‘ఉంచడం’ సకర్మకం, ‘పడడం’ అకర్మకం. మొదటిదానికి కర్త ఉన్నాడు. రెండోది దానంతట అది జరిగేది. ఒక ఎక్స్‌పోజర్‌కు ఉంచగలిగేది ఒక్కటే. ఆ ఒక్క నిర్ణయంతో మిగిలిన ప్రపంచమంతా ఎక్కడెక్కడ పడుతుందో నిశ్చయమవుతుంది. ఎంపిక, దాని పర్యవసానం అనే రెండింటినీ ఒక క్రియాద్వయంలో ఇమడ్చడం ఈ గ్రంథం సాధించిన అసలు విజయం. పరికరాలు మారినా ఈ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారంటే అందుకు కారణం అంకెలకన్నా ఈ రెండు క్రియలే. పాణినీయాన్ని చదివినవారికి తెలిసిన విషయమే ఇది: శాస్త్రం బలం దాని పరిభాషలో ఉంటుంది.

ఈ పరిభాషను తెలుగులో చెప్పడం కష్టం కాదు. ‘ఉంచు’, ‘పడు’ అన్న దేశ్య క్రియలు మూలంలోని మాటలకంటే తక్కువ పని చేయవు. చిక్కు మూడో మాట దగ్గర వస్తుంది. తీయబోయే చిత్రం తుదిరూపాన్ని మీట నొక్కకముందే మనసులో చూడడాన్ని ఆడమ్స్ ‘విజువలైజేషన్’ అన్నాడు. ‘ఊహ’ అంటే చాలదు. ఊహకు కొలత ఉండదు. ‘దర్శనం’ అంటే మోతాదు మించుతుంది. ‘భావన’ కొంత దగ్గరిది. రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని విభజించి మొదటిది కవికి, రెండోది భావకుడికి చెందినదన్నాడు. ఆడమ్స్ కోరేది ఆ రెండూ ఒకే క్షణంలో పనిచేయడం. చిత్రం తీసేవాడే అది పూర్తయిన తరువాత చూసేవాడి స్థానంలో ముందుగా నిలబడాలి. నలుపు తెలుపుల చిత్రంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే కళ్ల ముందున్న రంగుల లోకం ఆ చిత్రంలో ఉండదు.

4. అభ్యాసం: పుస్తకం మూతపడే చోటు

మమ్మటుడు కావ్యహేతువుగా శక్తిని, నైపుణ్యాన్ని, కావ్యజ్ఞుల శిక్షణలో చేసే అభ్యాసాన్ని కలిపి చెప్పాడు. మూడూ కలిసి ఒకే హేతువు. అభ్యాసానికి అక్కడ గురువు ఉన్నాడు. ఆడమ్స్ పాఠకుడికి గురువు లేడు, పుస్తకం మాత్రమే ఉంది. కాబట్టి గురువు చేయవలసిన పనిని ఆయన ఒక పరీక్షకు అప్పగించాడు.

ఆ పరీక్ష ఇలాంటిది. ఒకే రంగులో, ఒకే వెలుగులో ఉన్న చదునైన ఉపరితలాన్ని తీసుకొని దానిని 1వ జోన్‌లో ఉంచి చిత్రించాలి. వచ్చిన నెగటివ్ సాంద్రతను కొలవాలి. అది ఫిల్ము సహజ సాంద్రత మీద సుమారు 0.10 ఎక్కువగా ఉంటే ఫిల్ము వేగం సరిగా తెలిసినట్టు. లేకపోతే డబ్బా మీద కంపెనీ అచ్చువేసిన అంకెను పక్కనపెట్టి తన పద్ధతికి సరిపోయే అంకెను నిర్ణయించుకోవాలి. ఆపై 8వ జోన్‌లో ఉంచి డెవలపింగ్ సమయాన్ని కుదుర్చుకోవాలి.

సౌందర్యాన్ని గురించి చదవడానికి వచ్చిన పాఠకుడు పుస్తకాన్ని మూసేది బహుశా ఇక్కడే. కొండలు లేవు, నదులు లేవు; బూడిద గోడ ఒకటి, అంకెలు కొన్ని. కానీ బోధనాపరంగా చూస్తే గ్రంథంలో అత్యంత నిజాయితీ గల భాగం ఇదే. కంపెనీ చెప్పిన అంకెను, గ్రంథకర్త చెప్పిన అంకెను కూడా నమ్మనక్కర్లేదని, నీ కెమెరా, నీ నీళ్లు, నీ థర్మామీటరుతో నీకు ఏది వస్తుందో నీవే తెలుసుకోమని ఇది చెబుతుంది. ప్రమాణం పుస్తకంలో లేదని పుస్తకమే ఒప్పుకుంటుంది. మాత్రలు లెక్కపెట్టడం విసుగు పుట్టించేదే. అయినా ఛందస్సు నేర్పే ఏ ఉపాధ్యాయుడూ దానిని దాటవేయడు.

దీనికి మరో పార్శ్వం ఉంది. సాంద్రతను కొలిచే సాధనం, ఒక డిగ్రీ కోణంలో చూసే స్పాట్ మీటరు, సొంత డార్క్‌రూమ్, పాడుచేయడానికి చాలినన్ని ఫిల్ములు ఉన్నవాడినే ఈ గ్రంథం పాఠకుడిగా ఊహిస్తుంది. స్టూడియోవారికి ఇచ్చి ‘ఫోటోలు కడిగించుకునే’ వాడికి ఈ లక్షణంలో సగం అందదు, డెవలపింగ్ వాడి చేతిలో లేదు గనుక. ప్రతిభే పరికరమన్న మాటను ఆడమ్స్ మనస్ఫూర్తిగా సమర్థించేవాడే. కానీ ఆయన పద్ధతిలో ఆ ప్రతిభ వ్యక్తం కావడానికి ఒక గది, నల్లా, తీరిక కావాలి. గ్రంథం ఈ షరతును ఎక్కడా చర్చకు పెట్టదు. దానిని సహజస్థితిగా తీసుకుంటుంది.

5. లక్ష్యం: పోయిన మీటరు

1941 శరత్కాలపు ఒక సాయంత్రం ఆడమ్స్ తన కుమారుడితో, మిత్రుడు సెడ్రిక్ రైట్‌తో కలిసి న్యూమెక్సికోలోని చామా లోయ నుంచి శాంటాఫే వైపు కారులో వస్తున్నాడు. హెర్నాండెజ్ గ్రామం దగ్గర తూర్పున చంద్రుడు లేచాడు. పడమటి నుంచి ఏటవాలుగా వస్తున్న చివరి ఎండ ఊరి శ్మశానంలోని సిలువల మీద మెరుస్తున్నది. కారు ఆపి, 8×10 అంగుళాల పెద్ద కెమెరాను దించి, స్టాండు మీద నిలిపేసరికి కాంతిమాపకం కనిపించలేదు. ‘ఎగ్జాంపుల్స్’లో ఆడమ్స్ చెప్పిన కథ ఇది.

ఆ తరువాతి లెక్క ఆయన పద్ధతికి తలమానికం. చంద్రబింబం వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు గుర్తుంది. దానిని 7వ జోన్‌లో ఉంచదలచాడు. అంటే 5వ జోన్‌లో పడేది అందులో నాలుగో వంతు, సుమారు 60 క్యాండిళ్లు. ఆడమ్స్ సూత్రం ప్రకారం ఫిల్ము వేగపు వర్గమూలాన్ని ద్వారపు అంకెగా తీసుకుంటే, 5వ జోన్ వెలుగు ఎంతో సెకనులో అన్నో వంతు షట్టర్ వేగం అవుతుంది. ఫిల్ము ఏఎస్ఏ 64 కనుక వర్గమూలం 8. ఎఫ్/8 దగ్గర సెకనులో 60వ వంతు. పసుపు ఫిల్టరు మూడు రెట్లు కాంతిని కోరుతుంది కనుక అది 20వ వంతు. ఎఫ్/8 నుంచి ఎఫ్/32కు నాలుగు స్టాపులు, అంటే పదహారు రెట్లు. మొత్తం సెకనుకు కొద్దిగా తక్కువ. ఆయన ఒక సెకను ఇచ్చాడు. రెండో చిత్రానికి ఫిల్ము హోల్డరు తిప్పేలోగా సిలువల మీది ఎండ పోయింది.

లెక్క సరిపోతుంది. ప్రతి అడుగునూ పాఠకుడు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. పరికరం పోయినా విద్య మిగిలిందని చెప్పే ఈ కథ రాజశేఖరుడి మాటకు ఇరవయ్యో శతాబ్దపు ఉదాహరణలా ఉంది. కానీ ఇదే చిత్రానికి మరొక కథనం ఉంది, అది నలభై ఏళ్లు ముందుది. ‘యు.ఎస్. కెమెరా’ 1943 వార్షిక సంచికలో ఈ చిత్రం అచ్చైనప్పుడు దానితో పాటు వచ్చిన వివరణ ప్రకారం చిత్రం సూర్యాస్తమయం తరువాత తీసినది, ముందుభాగపు వెలుగులను వెస్టన్ మాస్టర్ కాంతిమాపకంతో చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించినది. మీటరు పోలేదు. ఉంచినది చంద్రుణ్ణి కాదు, నేలను.

ఈ వైరుధ్యాన్ని ఆడమ్స్ సత్యసంధతకు సంబంధించిన అభియోగంగా మార్చడం తేలిక, అది పెద్దగా ప్రయోజనం లేని పని కూడా. తేదీల విషయంలో ఆయన జ్ఞాపకం బలహీనమైనదని అందరికీ తెలుసు; ఈ చిత్రానికే ఆయన వేర్వేరు సంవత్సరాలు వేశాడు. చివరికి చంద్రుని స్థానాన్ని బట్టి డేవిడ్ ఎల్మోర్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు 1941 అక్టోబరు 31 అని లెక్కగట్టగా, డెన్నిస్ డి చికో దానిని సవరించి నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని 1991లో తేల్చాడు. విమర్శ అడగవలసిన ప్రశ్న వేరు. రెండు కథనాల్లో రెండోదే పాఠ్యకథగా ఎందుకు స్థిరపడింది?

మొదటి కథనం ఒక వార్తాపత్రికా వివరణ. దానిలో నాయకుడు లేడు. మీటరు ఉంది, నేల ఉంది, అంకె ఉంది. చదివినవాడు నేర్చుకునేది మీటరును నేలవైపు తిప్పమని. రెండో కథనంలో అడ్డంకి ఉంది, కాలం మించిపోతున్నది, పరికరం చేయి ఇచ్చింది, జ్ఞాపకంలోని ఒక సంఖ్య ఆదుకుంది. ‘ఉంచడం’ అన్న క్రియ మీటరు లేకపోయినా నిలబడుతుందని ఆ కథ నిరూపిస్తుంది. లక్షణానికి ఇంతకన్నా మేలైన లక్ష్యం దొరకదు. కవులను గురించి చాటుకథలు పుట్టేది ఇలాగే. ఆశువుగా చెప్పిన పద్యం వెనుక ఏళ్ల సాధన ఉంటుంది. కథ మాత్రం ఆ ఒక్క క్షణాన్నే చెబుతుంది. అయితే చాటుకథను ఎవరూ ఛందోగ్రంథంలో చేర్చరు. అంకెలతో నడిచే శిక్షాగ్రంథంలో అది చేరినప్పుడు పాఠకుడికి ఒక అపోహ కలిగే అవకాశం ఉంది: నీడల సంగతి ఏమైందని అడగడం మరిచిపోతాడు. ఆడమ్స్ సొంత సూత్రం నీడను ముందు ఉంచమంటుంది. ఈ కథలో ఆయన ఉంచినది చంద్రుణ్ణి, అంటే వెలుగును. నేల ఎక్కడ పడిందో ఆ క్షణంలో ఆయనకు తెలియదు. అది తక్కువలో పడింది. ముందుభాగం పలచగా వచ్చింది. 1948లో ఆ నెగటివ్ కింది భాగాన్ని రసాయనంతో గాఢపరచవలసి వచ్చింది.

దీనికి తోడు ముద్రితప్రతుల చరిత్ర ఉంది. తొలినాటి ప్రతుల్లో ఆకాశం బూడిద రంగులో, పలచని మబ్బు చారలతో కనిపిస్తుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆడమ్స్ దానిని నల్లబరుస్తూ వచ్చాడు. అందరికీ పరిచయమైన కటిక నల్లని ఆకాశం ఆ పరిణామంలో చివరి దశ. మీట నొక్కకముందే తుదిరూపాన్ని మనసులో చూడడమే విద్య అయితే 1941 నాటి చూపులో ఏ ఆకాశం ఉంది? కచేరీ ప్రతిసారీ ఒకేలా ఉండనక్కర్లేదని ఆడమ్స్ తరఫున సమాధానం చెప్పవచ్చు, అది సమంజసమే. కానీ ఆ సమాధానం ఒప్పుకుంటే విజువలైజేషన్ అన్న లక్షణం కొంత సడలుతుంది. అది నిశ్చితమైన ముందుచూపు కాదు, తరువాత పని చేయడానికి చాలినంత సమాచారాన్ని నెగటివ్‌లో భద్రపరిచే జాగ్రత్త అవుతుంది. గ్రంథం మొదటి అర్థాన్ని ప్రకటించి, రెండో అర్థాన్ని ఆచరణలో చూపుతుంది.

1927 ఏప్రిల్ 10న తీసిన హాఫ్ డోమ్ శిఖర చిత్రం ఈ విషయంలో మెరుగైన ఉదాహరణ. పసుపు ఫిల్టరుతో ఒక ప్లేటు వాడిన తరువాత, తనకు కలిగిన అనుభూతి అందులో రాదని గ్రహించి, ముదురు ఎరుపు ఫిల్టరుతో మిగిలిన ప్లేటును వాడాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. ఇక్కడ లెక్కల గారడీ లేదు. రెండు ఫిల్టర్ల మధ్య ఎంపిక, ఆ ఎంపికకు కారణం, కనిపించే ఫలితం ఉన్నాయి. పాఠ్యదృష్టితో చూస్తే ‘మూన్‌రైజ్’ కన్నా ఇదే సరైన లక్ష్యం. ప్రసిద్ధి మాత్రం దానికి తక్కువ కథ ఇచ్చింది.

6. ఏ ప్రకృతి?

ఆడమ్స్ లక్షణం నిలకడగా ఉండే ప్రకృతిని ఆశ్రయించింది. గ్రానైటు కదలదు. మంచు, మబ్బు, చెట్టు స్పాట్ మీటరు తిప్పి నాలుగు చోట్ల కొలిచేవరకు ఆగుతాయి. ఎగిరే తెల్ల కొంగకు ఈ పద్ధతిలో చోటు లేదు. 1984లో, ఆడమ్స్ మరణించిన సంవత్సరంలోనే, జాన్ షా రాసిన ‘ది నేచర్ ఫోటోగ్రాఫర్స్ కంప్లీట్ గైడ్ టు ప్రొఫెషనల్ ఫీల్డ్ టెక్నిక్స్’ వచ్చింది. 35 మిల్లీమీటర్ల కెమెరా, కలర్ స్లైడు ఫిల్ము, మొక్కలు, పురుగులు, జంతువులు దాని లోకం. స్లైడులో డార్క్‌రూమ్ దిద్దుబాటుకు తావు లేదు. కెమెరాలో పడిందే చిత్రం. అందువల్ల షా లక్షణం చిన్నది, వాక్యం పొట్టిది, ధోరణి తోటలో పక్కన నడుస్తూ చెప్పేవాడిది. కెమెరాను స్టాండు మీద పెట్టి తీరాలని ఆయన పట్టుబట్టే తీరు చూస్తే, అక్కడ పరికరం సిద్ధాంతం కాదు, ఒక క్రమశిక్షణ అని తెలుస్తుంది. స్టాండు పెట్టాలంటే వంగాలి, ఆగాలి, చూడాలి. ఆడమ్స్ నీడను ముందు ఉంచమంటే, స్లైడు వాడేవాడు వెలుగును ముందు కాపాడుకోవాలి. అందులో వెలుగు చెరిగితే తిరిగి రాదు. ఒకే ప్రకృతికి మాధ్యమం మారగానే సూత్రం తలకిందులైంది. లోతులో షా గ్రంథం ఆడమ్స్‌కు సాటిరాదు. నేర్చుకునేవాడిని ఒక వారంలో పొలంగట్టు మీదికి పంపడంలో మాత్రం దానిదే పైచేయి.

రెండు గ్రంథాలకూ ఉమ్మడి లోపం ఒకటి ఉంది. ప్రకృతి అంటే మనిషి లేనిదన్న భావన రెంటిలోనూ చర్చ లేకుండా ప్రవేశించింది. ఆడమ్స్ విషయంలో ఇది ఎక్కువ పట్టింపుకు వస్తుంది. ఆయన నిర్జనసీమగా చిత్రించిన యోసెమిటీలో అవానీచీ ప్రజలు తరతరాలుగా నివసించారు. 1851లో మారిపోసా దళం వారిని అక్కడి నుంచి తరిమింది. తిరిగి వచ్చినవారి వారసుల చివరి ఇళ్లు 1969 దాకా లోయలో ఉన్నాయి. ఆడమ్స్‌కు మనుషుల పట్ల ఉదాసీనత ఉందనడం అన్యాయం. యుద్ధకాలంలో జపాన్ సంతతి అమెరికన్లను నిర్బంధించిన మంజనార్ శిబిరాన్ని చిత్రించి, 1944లో ‘బార్న్ ఫ్రీ అండ్ ఈక్వల్’ ప్రచురించినవాడు ఆయన. లోపం వ్యక్తిది కాదు, లక్షణానిది. జోన్ పద్ధతిలో వస్తువు వెలుగుగా మారిన తరువాతనే లెక్కలోకి వస్తుంది. హెర్నాండెజ్ సిలువలు ఎవరి సమాధుల మీదివో ఆ లెక్కకు అవసరం లేదు; అవి ఆరిపోబోతున్న ఒక తెలుపు. ఏది ఉంచాలో చెప్పే శాస్త్రం, దానిని ఎందుకు ఉంచాలన్న ప్రశ్నను చదువరికి వదిలేసింది. వదిలేసినట్టు చెప్పి ఉంటే బాగుండేది.

7. పరికరం మారిన తరువాత

1981 నాటి పీఠికలోనే ఆడమ్స్ ఎలక్ట్రానిక్ చిత్రం రాబోతున్నదని ఆసక్తితో ఎదురుచూశాడు. అది వచ్చింది. ఇప్పటి కెమెరా వెనుక తెర మీద హిస్టోగ్రామ్ అనే పటం, తీసిన మరుక్షణంలోనే ఏ వెలుగు ఎక్కడ పడిందో చూపుతుంది. సాంద్రతను కొలిచే సాధనం అక్కర్లేదు, నల్లా అక్కర్లేదు. గ్రంథంలోని డెవలపింగ్ పట్టికలన్నీ చాలామంది పాఠకులకు చరిత్రగా మారాయి. డిజిటల్ సెన్సర్ కూడా స్లైడు లాగానే మితిమీరిన వెలుగును క్షమించదు కనుక ఆడమ్స్ సూత్రంలోని క్రమం ఇక్కడ కూడా తిరగబడింది.

అయినా హిస్టోగ్రామ్ చూపేది ‘పడడాన్ని’ మాత్రమే. తెల్ల కొంగ బూడిదగా పడినా, బూడిద రాయి బూడిదగా పడినా ఆ పటం ఒకే తీరుగా ఉంటుంది. కొంగను ఒకటిన్నర, రెండు స్టాపులు పైకి ‘ఉంచాలి’ అన్న నిర్ణయం తెర మీద కనిపించదు. నేడు యంత్రంతో పాటు వచ్చే సూచనల పుస్తకాలు, వాటి నమూనాలో వెలువడుతున్న శిక్షణ పుస్తకాలు ఏ మీట ఎక్కడుందో వందల పుటల్లో చెప్పి ఈ క్రియను పూర్తిగా విడిచిపెడుతున్నాయి. రాజశేఖరుడు ఖండించిన ఆచార్యుల మతం అది: పలక, సుద్ద, పెట్టె.

తెలుగులో ఈ విద్యను బోధించే గ్రంథం రాయదలచినవారికి పరిభాష పెద్ద అడ్డంకి కాబోదు. భౌతికశాస్త్ర పాఠంలో ‘కటకం’ అని చదువుకున్నవాడు స్టూడియోలో ‘లెన్స్’ అంటాడు; రెండూ వాడికి అర్థమవుతాయి. ‘ఎపర్చర్’కు ‘ద్వారం’ అని, ‘స్టాప్’కు స్టాప్ అని రాసినా నష్టం లేదు. తేల్చుకోవలసినది లక్ష్యాల సంగతి. ఆ గ్రంథం తన ఉదాహరణల్లో పాడైన నెగటివ్‌ను, 1943 నాటి మీటరును, 1948 నాటి రసాయనాన్ని కూడా చూపుతుందా, లేక పోయిన మీటరు కథనే మళ్లీ చెబుతుందా అన్నది దాని కర్త మొదటి అధ్యాయానికి ముందే నిర్ణయించుకోవలసి ఉంటుంది.